ఫోన్ చేశాడట

జూన్ 2

ఉద్యోగం దొరికింది. అమ్మకి చెప్తే "జడ్జి దగ్గరా?" అంది. టీవీలో జడ్జి దగ్గరమ్మా అన్నాను. "ఆ జడ్జి ఉత్తుత్తి జడ్జయితే జీతం కూడా ఉత్తుత్తిదేనా?" అంది. సంతలో అమ్మ పక్క దుకాణం సతుర్నీనమ్మ పడీపడీ నవ్వింది.

'డాక్టర్ ఇవానా' అని ఒక లాయరమ్మ సీరియల్. ఆదివారం ఆదివారం ఒక కేసు. కోర్టు సీన్లలో చట్టం తప్పు పోకుండా చూడటం నా పని. లా పట్టా పుచ్చుకుని లిమాలో ఎక్కిన ఆఫీసు మెట్లన్నీ ఉత్తచేతులతో దిగివచ్చాను. దరఖాస్తులో 'కెచువా వచ్చు' అని రాసింది మాత్రం ఇదే మొదటిసారి. పిలిచింది దాని కోసమేనని అక్కడికెళ్ళాక తెలిసింది. తొమ్మిదో ఎపిసోడ్‌లో కెచువా తప్ప మరో భాష రాని సాక్షి ఒకామె ఉంది.

దర్శకుడి పేరు రెన్సో. నన్ను 'డాక్టరమ్మా' అంటాడు. ఇక్కడ లాయర్లని డాక్టర్ అనడం మామూలే. అతను అనేటప్పుడు మాత్రం మూతి చివర ఒక నవ్వు ఉంటుంది.

జూన్ 5

తొమ్మిదో ఎపిసోడ్ చదివాను. ఒక కుర్రవాడి మీద హత్యానేరం. అతను చేయలేదు. చేసినవాడు అడవి వైపు పారిపోయాడు. పారిపోయినవాడి తల్లికి అంతా తెలుసు, చెప్పదు. అప్పుడు ఇవానా బోనులో నిలబడ్డ ఆ తల్లితో "మీ అబ్బాయి ఫోన్ చేశాడు, క్షేమంగా ఉన్నాడు" అని అబద్ధం చెబుతుంది. తల్లి ఏడ్చి, ఉన్నదంతా చెప్పేస్తుంది. అమాయకుడు బయటపడతాడు. సంగీతం.

లాయరు సాక్షికి అబద్ధం చెప్పకూడదు, కోర్టులో భాష మార్చి చెప్పే దుబాసీ చేత చెప్పించకూడదు, ఇది నిజంగా జరిగితే ఇవానా కోటు ఊడబీకుతారు అని ఒక పేజీ రాసి ఇచ్చాను. రెన్సో నిలబడే చదివాడు.

"నిజం బయటికి లాగడానికి చెప్పేది అబద్ధం కాదు డాక్టరమ్మా. దాన్ని క్లైమాక్స్ అంటారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 6

ఎందుకు నవ్వాను?

జూన్ 10

ఈ రోజు నా మాట నెగ్గింది. రాసుకోవాలి.

కెచువాలో కంటితో చూసి చెప్పే మాటకి ఒక ముగింపు, చెవితో విని చెప్పే మాటకి ఒక ముగింపు. వాన పడింది అంటే తడిసినవాడు. వాన పడిందట అంటే తడవనివాడు. ఈ రెండూ కలిపేసేవాణ్ణి మా కొండల్లో అబద్ధాలకోరు అంటారు. లిమా వచ్చి స్పానిష్ నేర్చుకున్నా మావాళ్ళు మాట చివర ఒక 'అట' అతికిస్తూనే ఉంటారు. నగరంవాళ్ళకి అది నవ్వులాట. నాలుగో తరగతిలో మా టీచరు నా వ్యాసంలో ప్రతి 'అట' మీదా ఎర్ర గీత గీసి "ఎవరట? తీసెయ్" అని రాసేది. తీసేయడం నేర్చుకున్నాను. అందుకే ఇంత చదివాను.

ఈ రోజు ఆ 'ట'నే బయటికి తీశాను. ఇవానా ఏమైనా అననీ, దుబాసీ మాత్రం కెచువాలో "ఫోన్ చేశాడట" అని చెప్తాడు. విన్నమాట విన్నట్టు చెప్పాడు. దుబాసీ తప్పు లేదు, కోర్టుని మోసం చేసినట్టూ కాదు, కథా చెడదు. కెచువా వచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చుని ముసిముసిగా నవ్వుకుంటారు.

రెన్సో కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "ఒక్క అక్షరంతో నిన్ను నువ్వు కడిగేసుకోవచ్చా? భలే భాషే!" మధ్యాహ్నం తన పక్కన కూర్చోబెట్టుకుని భోంచేశాడు.

జూన్ 13

తల్లి పాత్రకి వచ్చిన నటీమణులు కెచువాని ప్రార్థనలా వల్లిస్తున్నారు. నేను సతుర్నీనమ్మని తీసుకొస్తానన్నాను.

సంతలో ఒకటే గోల. అమ్మ ఉడకేసిన మొక్కజొన్న పొత్తులు గిన్నెలో సర్దుతూ "ఏందే, దీని మొహం టీవీలో పట్టుద్దా?" అంది.

"నీ నోరు పట్టదు గానీ నా మొహం పడుతుందిలే," అంది సతుర్నీనమ్మ, వనమూలికల కట్టలు దులుపుతూ. "బిడ్డా, నేనేం చెయ్యాల?"

"కొడుకు కోసం ఏడవాలమ్మా."

ఆమె చేతిలో కట్ట పక్కన పెట్టింది. "ఉత్తుత్తిగానేగా," అంది.

అవునన్నాను.

జూన్ 17

షూటింగ్ బాగా జరిగింది. రెన్సో అందరి ముందూ చప్పట్లు కొట్టాడు. తలనొప్పి.

జూన్ 18

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మొహానికి రంగు వేస్తుండగా సతుర్నీనమ్మ ఎడిల్బెర్తో సంగతి ఎత్తింది. కొడుకు. కొన్నేళ్ళ కిందట బంగారం గనుల పనికని మాల్దొనాదో అడవుల వైపు వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. ఇది నాకు తెలిసిందే. పోలీస్ స్టేషన్ సంగతి తెలియదు. "ఒకసారి పోయినా బిడ్డా. నాకొచ్చిన స్పానిష్‌లోనే చెప్పుకున్నా. కొడుకు తన ఇష్టం కొద్దీ పోయిండని నువ్వే చెప్పినవు గదా, వయసొచ్చినోడు పోతే మేం వెతకం అన్నరు. నేనెప్పుడు చెప్పిన? పోయిండట అన్న. వాళ్ళు పోయిండని రాసుకున్నరు." నేను ఏదో అడగబోయాను. అంతలో లైట్లు వేశారు, పిలిచారు.

దుబాసీ వేషం నాకే వేశారు. మొదట అంతా తప్పులే. ఏడవమంటే ఆమెకి నవ్వొస్తోంది. "ఇంతమంది సూస్తుంటే ఎట్ల ఏడుస్తరు, సిగ్గు గాదూ?" జడ్జి వేషం వేసినాయన కూడా నవ్వేశాడు. రెన్సో నన్ను పక్కకి పిలిచాడు.

"ఆవిడకి నిజంగా కొడుకున్నాడా?"

చెప్పాను. అడిగిన దానికి జవాబు చెప్పాను, అంతే.

"పేరు?"

అదీ చెప్పాను.

"ఆ పేరు ఒక్కసారి అను. చాలు. 'ట' పెట్టే అను. నువ్వే చెప్పావుగా, అబద్ధం కాదని."

ఇవానా తన డైలాగు చెప్పింది. నేను సతుర్నీనమ్మ వైపు తిరిగి కెచువాలో అన్నాను: "అమ్మా, ఎడిల్బెర్తో ఫోన్ చేశాడట."

ఆమె బోను దిగి వచ్చేసింది. నా రెండు మణికట్లూ పట్టుకుంది. "ఎవరితోని అన్నడు? ఎవరు విన్నరు?" కెమెరా వెనక్కి జరుగుతూ మా చుట్టూ తిరిగింది. ఎవ్వరూ ఆపలేదు. ఆమె మొహం... అంత దగ్గరగా ఒక మొహం వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"అడిగినదానికి జవాబు చెప్పమ్మా, తర్వాత చెప్తాను," అన్నాను.

తర్వాత అన్నాను కాబట్టి ఆమె నమ్మింది. ఏడుస్తూ, మిగతా మాటలన్నీ గబగబా అప్పజెప్పేసింది, నా 'తర్వాత' త్వరగా రావాలని.

జూన్ 19

అది డైలాగే. బోనులో ఉన్న తల్లితో దుబాసీ అన్న మాట. నేను 'చేశాడు' అనలేదు. 'చేశాడట' అన్నాను.

జూన్ 21

సతుర్నీనమ్మ మా గదికి వచ్చింది. చేతిలో చామంతి కట్ట. అమ్మ గొంతు నొప్పికి కషాయమని. అది సాకు.

"ఎవరన్నరు బిడ్డా?"

'అట' అన్నాక ఎవరో ఒకరు ఉండాలి. మా భాషలో తప్పదు. అమ్మ కూడా చేతిలో పని ఆపి చూస్తోంది.

"స్టూడియోలో ఒక డ్రైవరు," అన్నాను. "వాళ్ళన్నయ్య అటు మాల్దొనాదో దారిలో లారీ తోలుతాడట. ఆయన ఫోన్ నుంచే చేశాడట."

స్టూడియోలో డ్రైవరు ఉన్నమాట నిజమే. వాళ్ళన్నయ్య సంగతి నాకు తెలియదు. ఉండొచ్చు. ఉంటే లారీ తోలుతూ ఉండొచ్చు.

ఆమె నా నెత్తి మీద ముద్దు పెట్టుకుని వెళ్ళింది. అమ్మ "చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఇదే మరి," అంది, చామంతి నీళ్ళలో వేస్తూ.

జూన్ 22

రెన్సో ఆ సీన్ కూర్చి చూపించాడు. గదిలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. వచ్చే ఏడాది రచయితల బృందంలోకి నన్ను తీసుకుంటాడట. 

అట.

జూన్ 27

బస్సు దిగి మా గదికి పోయే మెట్లెక్కుతుంటే సంతలో బంగాళాదుంపలమ్మే ఎపిఫానియా ఆపింది. "విన్నవా లాయరమ్మా? సతుర్నీనమ్మ కొడుకు దొరికిండట! లారీ కొన్నడట. పెళ్ళి గూడ చేసుకున్నడట, అడవి పిల్లనట."

నా గుండె గెంతింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ గెంతింది. దొరికాడా! అయితే నేను చెప్పింది నిజమే అయిందన్నమాట! ఎపిఫానియాని పట్టుకుని "ఎవరన్నారు, ఎవరన్నారు" అని అడిగాను, సతుర్నీనమ్మ నన్ను పట్టుకున్నట్టే.

"మీ అమ్మే," అంది.

మిగతా మెట్లు చాలాసేపు ఎక్కాను.

జూలై 1

సతుర్నీనమ్మ దుకాణం చోటు చెప్పులమ్మే ఆమెకి ఇచ్చేస్తోంది. మాల్దొనాదోకి బస్సు టిక్కెట్టు కొనుక్కుంది. కోడలికని ఉన్ని శాలువా అల్లుతోంది. అక్కడ ఉక్కపోస్తుందని ఎవరో చెప్తే "అయినా సలికాలం రాదా?" అందట.

రేపు చెప్తాను.

జూలై 2

చెప్పలేదు. సంతలో జనం ఎక్కువ.

జూలై 3

జనం లేరు. శాలువా చూపించింది. బాగుందన్నాను.

జూలై 5

చెప్పాను.

సతుర్నీనమ్మ మిగిలిన కట్టలన్నీ అమ్మకి అప్పగిస్తోంది. ఇది దగ్గుకి, ఇది కడుపుకి అని. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. స్పానిష్‌లో మొదలుపెట్టబోయి ఆగాను. స్పానిష్‌లో అయితే ఎలాగోలా మెలికలు తిప్పుతానని తెలుసు.

"అమ్మా, ఫోన్ రాలేదు."

"ఎవరన్నరు రాలేదని?"

"ఎవరూ అనలేదు. వచ్చిందని నేనే కల్పించాను."

కళ్ళతో చూసినదాని ముగింపే పెట్టాల్సి వచ్చింది. ఇంకేదీ పట్టదు.

ఆమె చేతిలో కట్ట ముడి వేస్తూనే ఉంది. "ఆ మాటన్న డ్రైవరు?"

"లేడు."

"ఫోనిచ్చిన వాళ్ళన్న?"

"లేడు."

"నా కొడుకున్నడా?"

"తెలియదమ్మా."

ముడి బిగించింది. పళ్ళతో దారం కొరికింది. అమ్మ లేచింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తన పీట ఎత్తుకుపోయి సతుర్నీనమ్మ పక్కన వేసుకుని కూర్చుంది, నాకు వీపు పెట్టి.

సతుర్నీనమ్మ అంది: "ఆ టీవీ ఆటలో నా మొహం ఉన్నది గదా, నువ్వు ఫోన్ మాట చెప్పినాకటిది. అది తీయించు."

"అడుగుతాను."

"ఫోన్ చేసిండట అంటే వాణ్ణి కలుద్దామని బయల్దేరిన. ఇప్పుడు వెతుకుదామని పోత. టిక్కెట్టు అదే." శాలువా మడిచి సంచిలో పెట్టింది. "నువ్వు గూడ రా. ఆడ పోలీస్ స్టేషన్ల నాకు నోరు కావాలె, డాక్టరమ్మా."

బిడ్డా అనలేదు.

జూలై 6

డాక్టరమ్మా.

జూలై 8

రెన్సోని అడిగాను. సీన్ తీసేయమని, లేదా ఆ పేరు వరకైనా కోసేయమని.

"ఆవిడ ఒప్పుకునే చేసింది కదా."

"నటించడానికి ఒప్పుకుంది. అది నటన కాదు."

"అందుకే అంత బాగుంది," అన్నాడు. దుర్మార్గంగా కాదు. మెచ్చుకోలుగానే. నాకు భయమేసింది అందుకే. ఆ రోజు ఆ మెచ్చుకోలు కోసమే కదా నేను పేరు చెప్పింది.

"మీరు నన్ను అడిగారు, నేను చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను," అన్నాను.

"డాక్టరమ్మా, ఒక అమాయకుడు విడుదలయ్యాడు ఆ సీన్ వల్ల."

"ఏ అమాయకుడు? మీరు రాసినవాడా?"

మొదటిసారి అతని మూతి చివర నవ్వు లేదు. తీయడం కుదరదన్నాడు. వచ్చే ఏడాది మాట గుర్తుంచుకో అన్నాడు. నా స్టూడియో కార్డు బల్ల మీద పెట్టాను. లిఫ్ట్ దాకా వెళ్ళి ఆగాను. వెనక్కి వెళ్ళి కార్డు తీసుకుందామా అనుకున్నాను. ఎవరూ చూడటం లేదు. వెనక్కి వెళ్ళాను కూడా. కుర్చీ మీద మర్చిపోయిన నా శాలువా మాత్రం తీసుకుని వచ్చేశాను.

జూలై 12

సూపులమ్మే వాళ్ళ దుకాణంలో టీవీ. సంతంతా అక్కడే. నేను వెళ్ళకూడదనుకున్నాను. సతుర్నీనమ్మ కబురు పెట్టింది, రమ్మని. ముందు బల్ల మీద కూర్చుని ఉంది. నా కోసం పక్కన ఖాళీ ఉంచింది. మన్నించిందేమో అనుకున్నాను. కాదు. నేను చూడాలని.

సీన్ వచ్చింది. తెర మీద నేను, నల్లకోటులో, నోరు తెరిచాను. కెచువాలో 'అట' వినబడింది. కింద స్పానిష్ అక్షరాలు పడ్డాయి: మీ అబ్బాయి ఎడిల్బెర్తో ఫోన్ చేశాడు.

'అట' లేదు.

ఎవరో తీసేశారు. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి తీసేశారు. దేశమంతా చదివింది ఆ అక్షరాలే. ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది, నన్నెందుకు అబద్ధాలకోరుని చేశారని. తర్వాత కోపం ఎక్కడికి పోవాలో తెలియక తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆ అక్షరాలే సరైనవి. ఆమె విన్నది అదే.

తెర మీద సతుర్నీనమ్మ బోను దిగి వస్తోంది. చప్పట్లు మొదలై ఆగిపోయాయి. సంతకి అప్పటికే సంగతి తెలుసు.

పక్కన ఆమె తెర వంక తల ఎత్తి చూస్తోంది, వేరెవరినో చూస్తున్నట్టు.

"సూడు, ఎంత సంతోషమో దానికి," అంది.

జూలై 13

అమ్మ నా సంచిలో ఉడికించిన మొక్కజొన్న పెట్టింది. జున్ను కూడా. గడప దగ్గర "కిటికీ పక్క ఆమెని కూర్చోబెట్టు. వాంతులైతయి," అంది.

జూలై 14

బస్సు. కొండలు. ఆమెకి వాంతులు కాలేదు. నాకయ్యాయి. మూలిక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. నా వంక చూడకుండా.

జూలై 16, మాల్దొనాదో

ఉక్క. స్టేషన్‌లో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. మీసాలు సరిగా రాని పోలీసు, నా వయసే ఉంటుంది. కంప్యూటర్‌లో పాత ఫిర్యాదు తీశాడు.

"లిమాలో రాసే ఉంది కదండీ. తన ఇష్టంతో వెళ్ళాడని తల్లే చెప్పింది. మళ్ళీ ఏం రాయమంటారు?"

సతుర్నీనమ్మకి కెచువాలో చెప్పాను, ఒక్క మాట పోకుండా. ఆమె కెచువాలోనే జవాబిచ్చింది. నేను స్పానిష్‌లో అన్నాను:

"తన ఇష్టంతో వెళ్ళాడట."

"అదే కదా రాసుంది."

"కాదు. 'అట' లేదు. ఆమె చూడలేదు. ఎవరో చెప్పగా విన్నది. ఆ ముక్క పెట్టండి."

అతను చిరాగ్గా టైపు చేయబోయి ఆగాడు. "మరయితే ఎవరు చెప్పారు ఆమెకి?"

నేను ఆమె వైపు తిరిగి అడిగాను. కుర్చీ అంచుకి జరిగింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆమెని ఆ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. రంగు వేసే కుర్చీలో తానే చెప్పిన రోజున కూడా.

"మేస్త్రి. హెరార్దో. కూలీలని వ్యానులో ఎక్కించుకుపోయేటోడు. నీ కొడుకు నా వ్యాను ఎక్కనే లేదు, మధ్యలనే దిగిపోయిండు, తన ఇష్టం కొద్దీ ఎటో పోయిండన్నడు. ఎడమచేతికి రెండు వేళ్ళుండవు ఆనికి."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఎక్కనే లేదు, మధ్యలోనే దిగిపోయాడు, రెండూ. పోలీసు చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఎక్కనివాడు ఎట్లా దిగుతాడు?" అన్నాడు తనలో తను. లేచి లోపలికెళ్ళి ఇంకొక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మేస్త్రి పేరు మళ్ళీ చెప్పమన్నాడు. రెండు వేళ్ళ సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. తలుపు మూశాడు.

కొడుకు బతికున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. తెలియదనే రాస్తున్నాను.

చివర్లో కుర్ర పోలీసు ఇంకొక గడి నింపాలన్నాడు. నా వైపు గడ్డం ఎత్తి, ఆమెని అడగమన్నాడు. "ఈ అమ్మాయి మీకేమవుతుంది? మీ మాట సరిగ్గా చెబుతోందని ఆమె నోటితో అనాలి."

అడిగాను. నేను నిజం చెప్పిన రోజు తర్వాత సతుర్నీనమ్మ మొదటిసారి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పోలీసు వైపు తిరిగి కెచువాలో ఒక్క వాక్యం అంది.

నేను స్పానిష్‌లో చెప్పాను: "నాకేమీ కాదు. నా మాట ఉన్నదున్నట్టు చెబుతుందట."

అతను 'చెబుతుంది' వరకూ కొట్టి తలెత్తాడు. "'అట' ఎందుకండీ?"

"ఆమె అలాగే అంది," అన్నాను. "అలాగే రాయండి."